రేచల్ కార్సన్ పుట్టిన ఇల్లు చూడాలనుకునే వారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే తెలుగు కుటుంబాలు దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిన్నాక "ఇక్కడ ఇంకేం చూడొచ్చు?" అని అడుగుతుంటారు. డౌన్‌టౌన్, కొండెక్కే ఇంక్లైన్ రైలు, మ్యూజియంల గురించి ఎవరైనా చెబుతారు. నేను సుమారు అరగంట దూరంలో ఉన్న స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊరి పేరు చెబుతాను. ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను.

ఎవరీ రేచల్ కార్సన్?

అమెరికాలో పురుగుమందుల విచ్చలవిడి వాడకాన్ని దేశమంతా చర్చించేలా చేసిన శాస్త్రవేత్త, రచయిత్రి. 1907 మే 27న స్ప్రింగ్‌డేల్‌లో పుట్టింది. జీవశాస్త్రం చదివి, ప్రభుత్వ మత్స్య శాఖలో రేడియో ప్రసంగాలు రాయడంతో ఉద్యోగం మొదలుపెట్టి, చేపలు, వన్యప్రాణుల శాఖ ప్రచురణలన్నిటికీ ప్రధాన సంపాదకురాలయింది. 1951లో సముద్రం మీద రాసిన పుస్తకం బాగా అమ్ముడుపోయాక, 1952లో ఉద్యోగం మానేసి పూర్తికాలం రచయిత్రి అయింది. 1962లో వచ్చిన "సైలెంట్ స్ప్రింగ్" పుస్తకం ఆమె పేరును ప్రపంచమంతా వినిపించింది. డీడీటీ లాంటి మందులు పురుగు దగ్గరే ఆగిపోవని, నేలలో, నీళ్లలో, పిట్టల్లో, చివరికి మన ఒంట్లో కూడా పేరుకుంటాయని మామూలు పాఠకులకు అర్థమయ్యే భాషలో చెప్పింది.

రసాయన కంపెనీలు ఊరుకోలేదు. ఒక కంపెనీ పుస్తకం బయటికి రాకముందే ప్రచురణకర్తను కేసు వేస్తామని బెదిరించింది. పెళ్లికాని ఆడమనిషి, డాక్టరేట్ లేదు, ఈమెకేం తెలుసు అన్నవాళ్లూ ఉన్నారు. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆ సంగతి బయటపెట్టకుండానే 1963లో టీవీ కార్యక్రమంలో మాట్లాడింది, సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ల వయసులో చనిపోయింది. 1970లో అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో అదే సంస్థ పంటల మీద డీడీటీ వాడకాన్ని ఆపేసింది.

ఇల్లు ఎక్కడుంది? జీపీఎస్‌లో ఏమని కొట్టాలి?

613 మేరియన్ అవెన్యూ, స్ప్రింగ్‌డేల్, పెన్సిల్వేనియా, 15144. పూర్తి అడ్రస్ కొట్టండి. ఆ ఇంటి పేరు "రేచల్ కార్సన్ హోమ్‌స్టెడ్" కాబట్టి చాలామంది "హోమ్‌స్టెడ్" అని మాత్రమే కొడతారు. పిట్స్‌బర్గ్‌కు ఆనుకునే హోమ్‌స్టెడ్ అని వేరే ఊరు ఉంది, ఒకప్పటి ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. అది మొనాంగహేలా నది ఒడ్డున ఉంది. మీరు వెళ్లాల్సింది అలెగేనీ నది ఒడ్డుకు. స్ప్రింగ్‌డేల్ అని ఒక్కటే కొట్టినా ఇబ్బందే, ఆ పేరుతో అమెరికాలో ఊళ్లు చాలా ఉన్నాయి.

గుడి నుంచి వెళ్లేవాళ్లకు ఓక్‌మాంట్ మీదుగా వెళ్లి, హల్టన్ బ్రిడ్జి దాటి, ఫ్రీపోర్ట్ రోడ్డు పట్టుకోవడం సులువు. పిట్స్‌బర్గ్ డౌన్‌టౌన్ నుంచయితే 28వ నంబర్ రూటు. టర్న్‌పైక్ మీద వచ్చేవాళ్లు 48వ ఎగ్జిట్, అంటే అలెగేనీ వ్యాలీ దగ్గర దిగాలి. ఇల్లు మెయిన్ రోడ్డు మీద ఉండదు. కొండవాలు మీద, మామూలు ఇళ్ల మధ్యన ఉంటుంది. కారు వీధిలోనే పెట్టుకోవాలి, పక్కింటివాళ్ల డ్రైవ్‌వేకి మాత్రం అడ్డం పెట్టకండి.

ఎప్పుడు వెళ్లినా లోపలికి పంపిస్తారా?

పంపించరు. ఇది టికెట్ కౌంటర్, గిఫ్ట్ షాపు ఉండే పెద్ద మ్యూజియం కాదు. 1975లో ఏర్పడిన రేచల్ కార్సన్ హోమ్‌స్టెడ్ అసోసియేషన్ అనే చిన్న సంస్థ దీన్ని చూసుకుంటోంది. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఎవరో ఒకరు వచ్చి ఇల్లు తిప్పి చూపిస్తారు. వేళలు, రుసుము బుక్ చేసుకునేటప్పుడు వాళ్లే చెబుతారు. "శనివారం దర్శనం అయ్యాక టైముంటే వెళ్దాం" అనుకుంటే గడప బయటి నుంచే చూసి రావాల్సి వస్తుంది. కనీసం రెండు వారాల ముందు ఈమెయిల్ పెట్టండి, ఎంతమంది వస్తున్నారో, పిల్లలెందరో కూడా రాయండి.

లోపల ఏముంటుంది? మరీ చిన్న ఇల్లంటున్నారు?

చిన్నదే. కింద రెండు గదులు, పైన రెండు గదులు, అంతే అసలు ఇల్లు. ఇప్పుడు కనిపించే మిగతా భాగం తరువాత ఉన్న యజమానులు కట్టుకున్నది. కార్సన్ కుటుంబం ఉన్నన్నాళ్లూ ఇంట్లో కుళాయి లేదు, మరుగుదొడ్డి పెరట్లో ఉండేది. పెన్సిల్వేనియా చలిలో అది ఎలా ఉంటుందో ఒక జనవరి ఇక్కడ గడిపినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నాలుగు గదుల్లో అమ్మ మరియా, నాన్న రాబర్ట్, అక్క మేరియన్, అన్న రాబర్ట్, అందరికంటే చిన్నది రేచల్. (వీధి పేరు మేరియన్, అక్క పేరు మేరియన్ అని లంకె పెట్టుకుంటే అడ్రస్ గుర్తుంటుంది.)

అద్దాల బీరువాల్లో ఆమె కలం, కళ్లజోడు, చేతిరాతలు వరసగా ఉంటాయనుకుని వెళ్తే నిరాశపడతారు. ఈ ఇంట్లో చూడాల్సింది వస్తువులు కాదు, కొలతలు. గది ఎంత, మెట్లు ఎంత ఇరుకు, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, ఇందులో ఐదుగురు ఎలా సర్దుకున్నారు అన్నది. మరియా పెళ్లికి ముందు టీచరు, పియానో బాగా వాయించేది. సంఘం ఆచారం ప్రకారం పెళ్లయ్యాక ఉద్యోగం మానేసింది. ఆ చదువంతా చిన్నకూతురి మీద పెట్టింది. రోజూ పొలం గట్లు, తోట, అడవి అంచు వెంట తిప్పుతూ పిట్టను, పురుగును, ఆకును పేరుతో గుర్తుపట్టడం నేర్పింది. ఇంట్లోకి వచ్చిన పురుగును కూడా చంపకుండా బయట వదిలేసేదని చెబుతారు. నాకైతే ఈ ఇంటికి పెట్టాల్సిన పేరు మరియాదే అనిపిస్తుంది.

పదకొండేళ్ల వయసులో, 1918లో, రేచల్ రాసిన కథ "సెయింట్ నికొలస్" అనే పిల్లల పత్రికలో అచ్చయింది. అది పిట్టల కథ కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన ఒక సైనికుడి కథ. అన్న సైన్యం నుంచి రాసిన ఉత్తరంలోని సంగతి విని అల్లుకుంది. ఆ కథ రాసిన పిల్ల ఈ గదుల్లోనే తిరిగిందని తెలిసి చూస్తే, పిల్లలతో వచ్చినవాళ్లకు ఈ ఇల్లు ఇంకొంచెం దగ్గరవుతుంది.

65 ఎకరాల పొలం అని చదివాం. అక్కడికెళ్తే అన్నీ ఇళ్లే కనిపిస్తున్నాయి?

మన రియల్ ఎస్టేట్ భాషలో చెబితే ఇది ఆడని వెంచర్. రేచల్ తండ్రి 1900 ప్రాంతంలో సుమారు 65 ఎకరాలు కొన్నాడు. వ్యవసాయం ఆయన ఉద్దేశం కాదు. ఊరు పెరుగుతుంది, ప్లాట్లు వేసి అమ్మవచ్చు అనుకున్నాడు. ప్లాట్లు ఆయన అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మాడు, కొంతకాలం ఊళ్లోని వెస్ట్ పెన్ పవర్ కంపెనీలో పనిచేశాడు. ఆపిల్, పియర్ చెట్లు, కోళ్లు, కొన్ని పశువులు, మరియా పియానో పాఠాలు కలిపితే ఇల్లు గడిచేది.

రేచల్ 1925లో పిట్స్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా కాలేజ్ ఫర్ ఉమెన్‌లో చేరింది. స్కాలర్‌షిప్ చాలలేదు. తల్లి ఇంట్లోని మంచి పింగాణీ సామాను అమ్మింది. చివరికి కాలేజీ బాకీకి హామీగా స్ప్రింగ్‌డేల్‌లో తనకు రాసిచ్చిన రెండు ప్లాట్లను రేచల్ కాలేజీకి తాకట్టు పెట్టింది. కూతురి చదువు కోసం పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన ఇళ్లు మన జిల్లాల్లో ఎన్ని లేవు! నాన్న అమ్మలేకపోయిన ప్లాట్లే కూతురిని డిగ్రీ దాటించాయి.

ఆ తర్వాత భూమి ముక్కలు ముక్కలుగా పోయి, చుట్టూ ఇళ్లు లేచాయి. ఇప్పుడు ఇల్లు, దాని చుట్టూ కాస్త జాగా, చెట్లు మిగిలాయి. పర్యావరణవేత్త ఇల్లు కదా అని దట్టమైన అడవిని ఊహించుకుని రావద్దు.

సముద్రం మీద అన్ని పుస్తకాలు రాసిన మనిషి సముద్రం లేని ఊళ్లో పుట్టిందా?

అవును. 22 ఏళ్లు వచ్చేదాకా ఆమె సముద్రం చూడలేదు. 1929లో డిగ్రీ అయ్యాక, ఆ ఎండాకాలం మసాచుసెట్స్‌లోని వుడ్స్ హోల్ ప్రయోగశాలకు వెళ్లినప్పుడే తొలిసారి చూసింది. అప్పటిదాకా సముద్రమంటే పుస్తకాల్లోది. ఇంటి దగ్గర కొండరాళ్లలో శిలాజమైన గుల్ల దొరికిందని, ఇక్కడికి అదెలా వచ్చిందన్న ఆలోచన అప్పుడే మొదలైందని ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా భూగర్భం మాత్రం నిజమే. పశ్చిమ పెన్సిల్వేనియా రాళ్లలో కోట్ల ఏళ్ల నాటి సముద్రపు గుల్లలు దొరుకుతాయి.

కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చదవడానికి చేరిన అమ్మాయి మేరీ స్కాట్ స్కింకర్ అనే జీవశాస్త్రం లెక్చరర్ పాఠాలు విని సబ్జెక్టు మార్చుకుంది. సైన్సు తీసుకుంటే రాయడం పోతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెట్టారు. రాయడానికి సరుకు దొరికింది అక్కడేనని తరువాత తేలింది.

"సైలెంట్ స్ప్రింగ్" రాసింది ఈ ఇంట్లోనేనా?

కాదు. ఆ పుస్తకం రాసింది మేరీల్యాండ్ రాష్ట్రం సిల్వర్ స్ప్రింగ్‌లో ఆమె కట్టించుకున్న ఇంట్లో. అది వాషింగ్టన్ పక్కన ఉంది. ఎండాకాలాలు గడిపిన మరో ఇల్లు మెయిన్ రాష్ట్రంలో సౌత్‌పోర్ట్ దీవిలో ఉంది. స్ప్రింగ్‌డేల్, సిల్వర్ స్ప్రింగ్, సైలెంట్ స్ప్రింగ్, మూడు పేర్లూ కలగలిసి చాలామంది పొరబడతారు. స్ప్రింగ్‌డేల్‌ది పుట్టి పెరిగిన ఇల్లు. కాలేజీ అయ్యాక, 1930 ప్రాంతంలో కుటుంబమంతా మేరీల్యాండ్ వెళ్లిపోయింది. ఈ ఇంటికి 1976లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చోటు దక్కింది.

ఊరు అందంగా ఉంటుందా?

పోస్ట్‌కార్డు అందం కాదు. కానీ ఇంటి తర్వాత ఊళ్లో ఒక పావుగంట నడవకపోతే సగమే చూసినట్టు. నది ఒడ్డుకు దిగండి. రేచల్ చిన్నప్పుడు ఇక్కడ పశువుల ఎముకలతో జిగురు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. రైలు దిగగానే ముక్కు మూసుకోవాల్సిన వాసన. తరువాత బొగ్గు కరెంటు ప్లాంటు వచ్చింది. ఆమె హైస్కూలు చదువు అయ్యేసరికి ఊరికి అటూ ఇటూ పొగగొట్టాలు లేచాయి. నదిలో గనుల నీళ్లు, ఫ్యాక్టరీల నీళ్లు కలిసేవి. అమ్మతో పిట్టల్ని చూస్తూ తిరిగిన కొండ ఒక పక్క, ఈ పొగ ఒక పక్క. పర్యావరణం గురించి రాసినవాళ్లందరూ పచ్చటి కొండల్లో పుట్టినట్టు మనం ఊహించుకుంటాం. ఈమె పుట్టింది పాల్వంచ, రామగుండం లాంటి ఊళ్లో.

కథ అక్కడితో ఆగలేదు. ఆమె చనిపోయిన ఆరేళ్లకు, 1970లో, అదే ఊళ్లో చెస్విక్ అనే పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రం మొదలైంది. దాని పొగగొట్టం ఎత్తు 750 అడుగులు. 2022లో కేంద్రం మూతపడింది, 2023 జూన్‌లో పొగగొట్టాలను పేల్చి కూల్చేశారు. పాత ఫొటోల్లో ఊరి మీద నిలబడి కనిపించేవి అవే. 2025లో ఆ స్థలంలో ఏఐ డేటా సెంటర్ కడతామన్న ప్రతిపాదన వచ్చింది. కరెంటు ఎంత లాగుతుంది, శబ్దం ఎంత అని ఊరివాళ్లు మీటింగుల్లో నిలదీశారు. క్లౌడ్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లం ఈ ఊళ్లో నిలబడి ఒక నిమిషం ఆలోచించుకోవచ్చు.

"ఆమె వల్లే డీడీటీ ఆగి లక్షలమంది మలేరియాతో చనిపోయారు" అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

ఈ మాట అక్కడి గైడ్‌ను అడిగేవాళ్లూ ఉంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పురుగుమందులన్నీ నిషేధించాలని కార్సన్ అనలేదు. తెలియకుండా, అవసరం లేకుండా, అందరి నెత్తిన చల్లడాన్ని తప్పుపట్టింది. ఎడాపెడా కొడితే దోమలే మందుకు అలవాటుపడతాయని హెచ్చరించింది, అలాగే జరిగింది. 1972లో అమెరికా ఆపింది ప్రధానంగా పంటల మీద వాడకాన్ని. మలేరియా ఉన్న దేశాలు ఇళ్ల గోడల మీద చల్లడం కొనసాగించాయి. మన దేశమే ఉదాహరణ. వ్యవసాయంలో డీడీటీని 1989లో నిషేధించారు, దోమల నివారణకు మాత్రం ప్రభుత్వ సంస్థలోనే తయారుచేసి వాడుతూ వచ్చారు. 2001లో విషరసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కూడా వ్యాధుల నివారణకు మినహాయింపు ఇచ్చింది.

మలేరియా దోమ వల్ల వస్తుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆ ఊరివాళ్లమైనా ఇలాంటి ఫార్వర్డును ఒకసారి ఆలోచించి పంపాలి.

మన రైతులకు, ఈమెకు ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు, లేనిది కల్పించను. కానీ పత్తిచేలో మందు కొట్టి పడిపోయిన మనిషిని చూసిన ఊళ్లు గుంటూరులో, వరంగల్‌లో చాలానే ఉన్నాయి. వాళ్లకు ఈ పుస్తకంలోని సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఖమ్మం జిల్లాలో అప్పుడున్న పునుకుల రైతులు 2003 ప్రాంతంలో రసాయన పురుగుమందులు మానేశారు. పాత వరంగల్ జిల్లా ఏనబావి 2006లో ఊరు ఊరంతా సేంద్రియమని ప్రకటించుకుంది. అక్కడ వేపగింజల కషాయం పనిచేసింది, కార్సన్ పేరు కాదు. ఆ ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు మీ వెంట ఉంటే గైడ్‌తో మాట్లాడించండి. మధ్యలో మీరు అనువాదం చేయాల్సి వస్తుంది, అయినా ఆ సంభాషణ గైడ్‌కు కూడా కొత్తగా ఉంటుంది.

పిల్లలకు బోర్ కొడుతుందా? అమ్మానాన్నలు మెట్లు ఎక్కగలరా?

ఆరేడేళ్ల లోపు పిల్లలకు కొడుతుంది, దాచడమెందుకు. వాళ్లను బయట చెట్ల దగ్గర ఆడుకోనివ్వండి, ఇద్దరిలో ఒకరు లోపలికి వెళ్లి వచ్చాక రెండోవారు వెళ్లండి. పదేళ్లు దాటినవాళ్లకు 1918 నాటి కథ సంగతి ముందే చెప్పి తీసుకెళ్తే ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

పైగదులకు పాతకాలపు ఇరుకు మెట్లే దారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఆగిపోవచ్చు, ముఖ్యమైన కథంతా కిందే వినవచ్చు. బుక్ చేసేటప్పుడే ఆ సంగతి రాయండి.

రేచల్ కార్సన్ ట్రయల్ అంటే ఈ ఇంటి చుట్టూ ఉన్న దారా?

కాదు, అది 45 మైళ్లకు పైగా ఉన్న కొండదారి. నార్త్ పార్క్ నుంచి హారిసన్ హిల్స్ పార్క్ దాకా వెళ్తుంది, స్ప్రింగ్‌డేల్ ప్రాంతం మధ్యలో తగులుతుంది. ఏటా జూన్‌లో, పగలు ఎక్కువగా ఉండే రోజుల్లో, ఒక్కరోజులో సుమారు 35 మైళ్లు నడిచే ఛాలెంజ్ పెడతారు. తిరుమల కాలినడక పూర్తిచేశామన్న ధైర్యంతో దీనికి పేరివ్వకండి, మెట్లుండవు, ఎక్కడం దిగడం రోజంతా సాగుతుంది.

అదే రోజు ఇంకేం చూడవచ్చు?

ఇంటికి గంట, ఊరికి అరగంట చాలు. తిరిగి వచ్చేటప్పుడు హల్టన్ బ్రిడ్జి దగ్గర, హార్మర్ వైపు కొండ మీద బాల్డ్ ఈగిల్ డేగలు 2014 నుంచి గూడు కడుతున్నాయి. శీతాకాలం చివర, చెట్లకు ఆకులు రాకముందు బైనాక్యులర్‌తో చూడవచ్చు. ఇది వట్టి పక్షి వీక్షణ కాదు. డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పలచబడి, తల్లి పొదిగితే పగిలిపోయేవి. 1980ల మొదట్లో పెన్సిల్వేనియా మొత్తంలో మూడే గూళ్లు మిగిలాయి. కెనడా నుంచి డేగ పిల్లలను తెచ్చి పెంచారు. 2013లో పిట్స్‌బర్గ్ హేస్ ప్రాంతానికి, ఆ మరుసటేడు హార్మర్‌కు అవి తిరిగి వచ్చాయి. కార్సన్ ఇంటికి, ఈ గూటికి మధ్య కారులో పది నిమిషాలు కూడా పట్టదు. నా ఓటయితే ఇంటికంటే ముందు దీనికే, సీజను కలిస్తే.

ఆమె చదివిన కాలేజీ ఇప్పుడు చాథమ్ యూనివర్సిటీ, పిట్స్‌బర్గ్ ఊళ్లోనే ఉంది. డౌన్‌టౌన్‌లో 2006లో ఆమె పేరు పెట్టిన తొమ్మిదో వీధి వంతెన ఉంది, పసుపు రంగులో మూడు ఒకేలా కనిపించే వంతెనల్లో ఒకటి. మిగతా రెండిట్లో ఒకటి బేస్‌బాల్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటేది, ఒకటి చిత్రకారుడు ఆండీ వార్హోల్‌ది. కారు ఉత్తరపు ఒడ్డున పెట్టి నడిచి దాటండి. బేస్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఆ వైపు పార్కింగ్ దొరకదు, రేటూ పెంచేస్తారు, ముందే షెడ్యూలు చూసుకోండి.